గిరాకీ బాగా ఉన్న ఫెస్టివల్‌కి టికెట్: ఏ దారిలో ప్రయత్నిస్తే మంచిది?

2024 నవంబర్ 17, ఆదివారం. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ సంగీత పండగ టికెట్ల అమ్మకం ఉదయం తొమ్మిదికి మొదలైంది. సుమారు 35 నిమిషాల్లో అయిపోయింది. పండగ జరిగేది ఆ తర్వాతి జూన్‌లో, అప్పటికి ఎవరెవరు పాడతారో ప్రకటించనే లేదు. ఐనా అన్నీ పోయాయి.

ఇలాంటి వాటికి టికెట్ ఎలా సంపాదించాలి అని అడిగితే చాలామంది నెట్ స్పీడ్ గురించీ, నాలుగు బ్రౌజర్లు తెరిచి పెట్టుకోవడం గురించీ చెప్తారు. అవన్నీ ఆఖరి అరగంట సంగతులు. అసలు విషయం ఏమిటంటే చాలా పెద్ద ఫెస్టివల్స్‌కి టికెట్ దొరికే దారులు నాలుగైదు ఉంటాయి, మనం మాత్రం అందరూ తోసుకునే ఒక్క దారిలోనే నిలబడి, దొరకలేదని తిట్టుకుంటూ ఇంటికొస్తాం. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీ దగ్గర ఏది ఎక్కువ ఉందో: డబ్బా, తీరికా, ఒళ్లు వంచే ఓపికా, లేక ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకోగల మనసా. దాన్ని బట్టి దారి మారుతుంది.

ఇంకో చిన్న మాట, నవ్వకండి: అసలు టికెట్ అవసరమా అన్నది ఒకసారి చూసుకోండి. జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగే బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌కి ప్రవేశ టికెట్టే లేదు, మైదానంలోకి ఎవరైనా నడిచి వెళ్లొచ్చు. గిరాకీ అంతా పెద్ద గుడారాల్లో ముందుగా బల్ల రిజర్వ్ చేసుకోవడానికే. అది కూడా ఆ గుడారం నడిపేవాళ్ల దగ్గరే చేసుకోవాలి, లోపల తినడానికీ తాగడానికీ ఇంత అని కూపన్లు ముందే కొనిపిస్తారు. రిజర్వేషన్ లేనివాళ్ల కోసం ప్రతి గుడారంలోనూ కొన్ని సీట్లు వదలాలన్న నియమం ఉంది కాబట్టి, ఇద్దరు ముగ్గురే వెళ్లేవాళ్లు వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్తే రిజర్వేషన్ లేకుండానే కూర్చోవచ్చు. ఇది తెలియక ఎవరికో బోలెడు డబ్బు పోసి 'ఎంట్రీ పాస్' కొనే అమాయకులు ఉంటారు. స్కాట్లండ్‌లో జరిగే ప్రదర్శన కళల పండగ ఎడిన్‌బరా ఫ్రింజ్ కూడా అంతే, మొత్తం పండగకి ఒక టికెట్ అంటూ ఉండదు, వేల ప్రదర్శనలకు వేటికవే టికెట్లు. ఒకటి నిండిపోతే పక్క గదిలో ఇంకోటి నడుస్తూనే ఉంటుంది.

మామూలు అమ్మకం: అందరూ ఎక్కే బండి

అధికారిక వెబ్‌సైట్, ఫలానా రోజు, ఫలానా గంట. ధర అసలుదే ఉంటుంది, మోసం భయం లేదు. దీనికి ఒకటే లోటు, పోటీ. గ్లాస్టన్‌బరీకి లక్షల మంది పేర్లు నమోదు చేసుకుంటారు, టికెట్లు అందులో చిన్న ముక్క.

అయితే ఇక్కడ చాలామంది ఓడిపోయేది అమ్మకం రోజున కాదు, దానికి వారాల ముందే. గ్లాస్టన్‌బరీకి ముందుగా ఫొటోతో సహా రిజిస్టర్ చేసుకోవాలి, ఆ రిజిస్ట్రేషన్ అమ్మకానికి కొన్ని రోజుల ముందే మూసేస్తారు, ఆ నంబర్ లేకపోతే ఆ ఉదయం మీరు ఎంత త్వరగా లేచినా లాభం లేదు. బెల్జియంలో జరిగే సంగీత పండగ టుమారోలాండ్‌కి కూడా ముందస్తు నమోదు తప్పనిసరి. కాబట్టి అమ్మకం తేదీ కాదు, నమోదు ముగిసే తేదీ రాసి పెట్టుకోండి.

ఆ రోజు సంగతికి వస్తే, పాత రోజుల్లో పేజీని పదేపదే రిఫ్రెష్ చేసేవాళ్లదే రాజ్యం. ఇప్పుడు అది పోతోంది. 2025 పండగ టికెట్ల నుంచి గ్లాస్టన్‌బరీ క్యూ పద్ధతికి మారింది: తొమ్మిదికి ముందే పేజీలోకి వచ్చి ఉన్నవాళ్లందరికీ తొమ్మిది కొట్టగానే లాటరీ తీసినట్టు ఒక స్థానం వస్తుంది, తర్వాత వచ్చినవాళ్లు వాళ్ల వెనక. ఇలాంటి క్యూలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చున్నా, తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు వచ్చినా ఒకటే. రిఫ్రెష్ కొడితే మేలు జరగదు సరికదా, ఉన్న చోటు పోయే ప్రమాదం ఉంది. ఒక పరికరం, ఒక ట్యాబ్, చేతులు కట్టుకుని కూర్చోవడం. మన స్వభావానికి ఇదే కష్టం!

కానీ గుంపుగా వెళ్లేవాళ్లకు ఇక్కడ నిజమైన లాభం ఉంది, నా దృష్టిలో ఈ దారిలో పనికొచ్చే ఎత్తు ఇదొక్కటే. గ్లాస్టన్‌బరీలో ఒకరు ఆరుగురి దాకా టికెట్లు కొనొచ్చు. ఆరుగురు స్నేహితులు ఆరు ఇళ్ల నుంచి ఎవరికి వారు క్యూలో నిలబడి, అందరి దగ్గరా అందరి రిజిస్ట్రేషన్ నంబర్లూ పెట్టుకుంటే, ఎవరు ముందు లోపలికి పోతే వాళ్లు అందరికీ కొనేస్తారు. లెక్క వేసి చూడండి. క్యూలో మొదటి పావు భాగంలో ఉన్నవాళ్లకే టికెట్లు అందుతాయి అనుకుంటే ఒక్కడిగా మీ అవకాశం 25 శాతం. ఆరుగురిలో కనీసం ఒకరైనా ఆ పావులో పడే అవకాశం 82 శాతం. ఏ నెట్ కనెక్షనూ ఇంత తేడా తీసుకురాదు. అయితే ఒకరికి దొరకగానే మిగతా అయిదుగురికీ ఆ క్షణమే చెప్పాలి, లేకపోతే రెండోవాడు కూడా డబ్బు కట్టడానికి తంటాలు పడుతూ అయోమయం చేస్తాడు. ఒక గ్రూపు పెట్టుకోండి, అందులో ఆ గంటసేపు జోకులు వద్దు.

డబ్బు కట్టే దగ్గర జరిగే ప్రమాదం నాకు స్వయంగా తెలుసు. ఒకసారి క్యూ దాటి, టికెట్లు బుట్టలో పడి, కార్డ్ నంబర్ కొట్టాక, విదేశీ చెల్లింపులు ఆపేసి ఉన్నాయని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. దాన్ని ఆన్ చేసి వెనక్కి వచ్చేసరికి బుట్ట ఖాళీ. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ముందు రోజే ఆ కార్డ్‌తో ఎక్కడో చిన్న విదేశీ చెల్లింపు చేసి చూసుకోండి, ఓటీపీ వచ్చే ఫోన్ పక్కనే ఉంచుకోండి, రెండో కార్డ్ వేరే బ్యాంకుది పెట్టుకోండి. అమ్మకం సమయం ఏ దేశపు గడియారం ప్రకారమో కూడా చూసుకోవాలి. యూరప్‌లో ఏడాదికి రెండుసార్లు గడియారం ఒక గంట మార్చుకుంటారు, ఆ రోజుల చుట్టుపక్కల అమ్మకం ఉంటే గంట తేడాతో మునిగిపోతారు.

అదే పండగకి పక్క తలుపు

ఇది చాలామంది పట్టించుకోరు. గ్లాస్టన్‌బరీలో ఆదివారం అమ్మకానికి ముందు గురువారం సాయంత్రం బస్సుతో కలిపిన టికెట్లు అమ్ముతారు. అంటే వాళ్లు చెప్పిన ఊరి నుంచి వాళ్ల బస్సులోనే రావాలి. కారులో వద్దామనుకున్నవాళ్లు వాటి జోలికి పోరు. మీకు బస్సు ఇబ్బంది లేకపోతే గురువారం ఒక ప్రయత్నం, దొరక్కపోతే ఆదివారం ఇంకోటి.

కాలిఫోర్నియాలోని కోచెల్లా సంగీత పండగ 2012 నుంచి రెండు వారాంతాలు జరుగుతోంది, రెండింటిలోనూ దాదాపు అదే కార్యక్రమం. మొదటి వారానికి ఎగబడేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే ఫొటోలు ముందు పెట్టాలి కదా. రెండోదానికి కాస్త తేలికగా దొరుకుతుంది, పైగా మొదటి వారంలో మైకులు ఎక్కడ పని చేయలేదో, క్యూ ఎక్కడ ఆగిపోయిందో నిర్వాహకులకు అప్పటికి తెలిసిపోయి ఉంటుంది. నన్నడిగితే రెండోదే మేలు.

తర్వాత ప్యాకేజీలు. టుమారోలాండ్ తన ప్రయాణం, బస కలిపిన ప్యాకేజీలను విడి టికెట్ల కంటే ముందు అమ్ముతుంది, బెల్జియం వాళ్లకు విడిగా ఒక అమ్మకం ఉంటుంది, ఆ తర్వాతే ప్రపంచం మొత్తానికి. దూరం నుంచి వచ్చేవాళ్లు ఎలాగూ హోటల్, రైలు కొనాలి కాబట్టి ఈ ప్యాకేజీ ధర చూడగానే గుండె ఆగినంత పని అయినా, విడివిడిగా కూడిన లెక్కతో పక్కపక్కన పెట్టి చూడండి. పండగ రోజుల్లో ఆ చుట్టుపక్కల గదుల అద్దెలు మామూలు రోజుల్లా ఉండవు. మీ దగ్గర డబ్బుండి, తీరిక లేకపోతే ఇదే మీ దారి, మొహమాటపడకండి. కానీ ప్యాకేజీ అమ్మేది నిర్వాహకులో, వాళ్లు తమ సైట్‌లో పేరు పెట్టి చెప్పిన భాగస్వామో అయి ఉండాలి. మిగతా 'ట్రావెల్ ప్యాకేజీ'లు చాలావరకు వేషం మార్చిన బ్లాక్ టికెట్లే.

లాటరీ: కష్టం లేదు, హామీ లేదు

జపాన్‌లో గిరాకీ ఉన్న కార్యక్రమాలకు లాటరీ చాలా మామూలు పద్ధతి. పేరు ఇవ్వాలి, ఫలితం వచ్చే దాకా ఆగాలి, వస్తే గడువులోగా డబ్బు కట్టాలి. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది, ఎందుకంటే రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడికీ, ఆఫీసులో మీటింగ్‌లో ఇరుక్కున్నవాడికీ అందరితో సమానంగా అవకాశం ఇస్తుంది.

కానీ గుంపులకు ఇది బాగా ఇబ్బంది. అమెరికాలో నెవాడా ఎడారిలో జరిగే కళల పండగ బర్నింగ్ మ్యాన్ 2011లో మొదటిసారి పూర్తిగా అమ్ముడుపోయింది. ఆ భయంతో 2012కి లాటరీ పెట్టారు. దొరకదేమోనని జనం అవసరానికి మించి దరఖాస్తు చేశారు, ఫలితం వచ్చాక చూస్తే ఏళ్ల తరబడి అక్కడ శిబిరాలు కట్టే బృందాల్లో ఇద్దరికి వచ్చి ఎనిమిది మందికి రాని పరిస్థితి. చివరికి మిగిలిన టికెట్లను ఆ బృందాలకు నిర్వాహకులు నేరుగా ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి లాటరీ ఉన్న చోట దరఖాస్తుకు ముందే మీవాళ్లతో తేల్చుకోండి: కొందరికే వస్తే వెళ్తారా, మానేస్తారా? ఇది ముందు మాట్లాడుకోకపోతే తర్వాత స్నేహాలు చెడతాయి, ఊరికే అనడం లేదు.

ఓపిక అనేదానికి హద్దు ఎక్కడో తెలియాలంటే జర్మనీలోని బైరాయిట్ చూడాలి. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఓపెరాల (పాటలతో నడిచే నాటకాల) కోసం 1876లో మొదలైన పండగ, హాలులో సుమారు 1,900 సీట్లు. ఒకప్పుడు అక్కడ టికెట్ రావాలంటే పదేళ్ల దాకా ఏటా దరఖాస్తు పెట్టుకుంటూ పోవాలి, ఒక ఏడాది మరిచిపోతే మళ్లీ మొదటికి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో నేరుగా కూడా అమ్ముతున్నారు, ఆ కాలం చాలావరకు పోయింది. ఐనా ప్రదర్శన రోజున హాలు బయట 'టికెట్ కావాలి' అని అట్ట పట్టుకుని నిలబడేవాళ్లు అక్కడ పాత దృశ్యమే. సూటూ బూటూ వేసుకుని మరీ నిలబడతారు, ఎవరైనా ఇస్తే నేరుగా లోపలికే.

రీసేల్: అధికారికమైతే బంగారం, కాకపోతే గొయ్యి

పండగవాళ్లే నడిపే రీసేల్‌నూ, బయటివాళ్లు నడిపే రీసేల్‌నూ ఒకే గాటన కట్టేయడం వల్లే చాలామంది మంచి అవకాశం పోగొట్టుకుంటున్నారు.

గ్లాస్టన్‌బరీలో నవంబర్‌లో కొనేటప్పుడు డిపాజిట్ మాత్రమే కడతారు. 2025 పండగకి టికెట్ 373.50 పౌండ్లు, దాని మీద బుకింగ్ ఫీజు 5 పౌండ్లు, మొదట కట్టాల్సింది 75. మిగతాది ఏప్రిల్ మొదట్లో. ఆ సమయానికి కొందరి ఉద్యోగాలు మారతాయి, కొందరు విడిపోతారు, కొందరు కట్టడమే మరిచిపోతారు. ఆ టికెట్లన్నీ ఏప్రిల్‌లో మళ్లీ అమ్మకానికి వస్తాయి, మళ్లీ బస్సు టికెట్లు ముందు, మామూలువి తర్వాత. అంటే ఏడాదికి నాలుగు ప్రయత్నాలు. నవంబర్‌లో ఓడినవాళ్లలో సగం మంది ఏప్రిల్ సంగతి గుర్తు పెట్టుకోరని నా అనుమానం. టికెట్లు తక్కువే, అవీ నిమిషాల్లోనే పోతాయి, కానీ ఈ ప్రయత్నానికి ఖర్చేమీ లేదు.

బర్నింగ్ మ్యాన్‌కి కూడా అసలు ధరకే తిరిగి అమ్మే సొంత పద్ధతి ఉంది, టుమారోలాండ్‌కీ ఉంది. పండగ దగ్గరపడే కొద్దీ వీటిలో టికెట్లు పెరుగుతాయి, ఎందుకంటే సెలవు దొరకనివాళ్లూ, జ్వరం వచ్చినవాళ్లూ చివరి వారాల్లోనే తేలతారు. విమానం అవసరం లేనంత దగ్గరలో ఉన్నవాళ్లకు ఇది చాలా మంచి దారి. ఖండాలు దాటి రావాల్సినవాళ్లకు మాత్రం కుదరదు, వీసా, టికెట్లు, గది అన్నీ ముందే కావాలి, పండగ టికెట్ ఆఖరికి దొరుకుతుందన్న ఆశ మీద అంత డబ్బు పెట్టలేం.

ఇక బయటి రీసేల్. సైట్ ఎంత మెరిసినా, గ్యారంటీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, మీకు ముందు తెలియాల్సింది ఒకటే: ఈ టికెట్ పేరు మార్చుకోవడానికి వీలుందా? గ్లాస్టన్‌బరీ టికెట్ మీద కొన్నవాళ్ల ఫొటోనే ఉంటుంది, ఇంకొకరికి చెల్లదు. టుమారోలాండ్‌లో టికెట్, చేతిపట్టీ రెండూ మనిషి పేరు మీదే. అలాంటి పండగలకు బయట ఎవరైనా టికెట్ అమ్ముతున్నారంటే అమ్మేది టికెట్ కాదు, కథ. కొందరైతే తమ దగ్గర లేని టికెట్‌ని కూడా ముందు అమ్మేసి, తర్వాత దొరికితే ఇద్దాం అన్న లెక్కన నడుపుతారు.

చట్టం కూడా చూసుకోండి. బెల్జియంలో 2013 నుంచి అసలు ధరకి మించి అమ్మడం నిషేధం, జపాన్‌లో 2019 నుంచి బ్లాక్ టికెట్ల మీద చట్టం ఉంది. అమెరికాలో 2016లో వచ్చిన చట్టం టికెట్లు ఎత్తుకుపోయే బాట్ సాఫ్ట్‌వేర్ల మీద మాత్రమే, ఎక్కువ ధరకి తిరిగి అమ్మడం మీద కాదు. కాబట్టి ఒక దేశంలో మామూలుగా చేసే పని ఇంకో దేశంలో నేరం కావచ్చు.

ఎవరూ ముందుగా ఆలోచించని చిక్కు ఇంకోటి ఉంది. పండగ రద్దయితే డబ్బు ఎవరికి వెనక్కి వస్తుంది? మొదట కొన్నవాడికి. 2023లో జర్మనీలో వాకెన్ పండగ వానకి బురదమయమై, అందరూ లోపలికి రాకముందే కొత్తవాళ్లను లోపలికి రానివ్వడం ఆపేశారు, బయట మిగిలిపోయినవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు. అలాంటప్పుడు మీరు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర రెట్టింపు ధరకి కొని ఉంటే, ఆ రిఫండ్ అతని ఖాతాలో పడుతుంది. ఫోన్ చేసి అడుగుతారా? అసలు కొన్నవాళ్ల పరిస్థితి వేరు: 2020లో కోవిడ్ వల్ల గ్లాస్టన్‌బరీ ఆగిపోతే వాళ్ల డిపాజిట్లు అలాగే ముందుకు జరిగాయి, 2019లో కట్టిన డిపాజిట్ మీదే 2022లో వెళ్లొచ్చారు.

స్నేహితుడి స్నేహితుడు అమ్ముతుంటే? పేరు మార్చడానికి పండగ సైట్‌లోనే పద్ధతి ఉండి, ఇద్దరూ కూర్చుని మార్చుకోగలిగితే సరే. 'పీడీఎఫ్ పంపిస్తా, డబ్బు ముందు వెయ్యి' అంటే వద్దు. ఒకే పీడీఎఫ్ అయిదుగురికి పంపడానికి అతనికి అయిదు సెకన్లు చాలు, గేటు దగ్గర ముందు స్కాన్ చేయించుకున్నవాడే లోపలికి పోతాడు.

వాలంటీర్‌గా వెళ్లడం

ఇది నాకు ఇష్టమైన దారి, అందుకే కాస్త పక్షపాతం ఉండొచ్చు. డెన్మార్క్‌లో 1971 నుంచి జరుగుతున్న రోస్కిల్డే పండగ నడిచేదే వాలంటీర్ల మీద, సుమారు 30 వేల మంది. గ్లాస్టన్‌బరీలో ఆక్స్‌ఫామ్ లాంటి స్వచ్ఛంద సంస్థలు గేట్ల దగ్గరా దారుల్లోనూ నిలబడేవాళ్లను తీసుకుంటాయి, దాదాపు 8 గంటల చొప్పున మూడు షిఫ్టులు. టికెట్ ధరంత డిపాజిట్ కట్టించుకుని, షిఫ్టులన్నీ చేశాక వెనక్కి ఇస్తారు. డబ్బు ముందు సర్దుకోవాలి కానీ ఖర్చు కాదు. వాలంటీర్లకు విడిగా గుడారాల స్థలం, కాస్త నయమైన బాత్రూమ్‌లు. పండగల్లో బాత్రూమ్ సంగతి తెలిసినవాళ్లకి ఈ చివరి మాట విలువ తెలుసు.

నష్టం ఏమిటంటే షిఫ్టు మీ చేతిలో ఉండదు. ఏ బృందం కోసం వచ్చారో సరిగ్గా వాళ్లు పాడే గంటలో మీరు కారు పార్కింగ్‌లో టార్చిలైటు ఊపుతూ ఉండొచ్చు. ఒకే ఒక్క పాటగాడి కోసం వెళ్తుంటే ఈ దారి వద్దు, మొత్తం పండగ వాతావరణం కోసమైతే ఇంతకన్నా మంచిది లేదు. దరఖాస్తులు పండగకి నెలల ముందే తెరుస్తారు, త్వరగా నిండుతాయి. వేరే దేశం నుంచి వెళ్తుంటే మీ వీసా మీద ఇలాంటి పని చేయొచ్చో లేదో ముందు చూసుకోండి, జీతం లేని పనే కదా అని మీరు అనుకుంటే సరిపోదు, అక్కడి అధికారి కూడా అలాగే అనుకోవాలి.

నేనైతే ఇలా ఎంచుకుంటాను

గుంపుగా, దగ్గర నుంచి వెళ్తుంటే: అందరం నమోదు చేసుకుని మామూలు అమ్మకంలో కలిసి దిగుతాం, దానికి ముందు బస్సు టికెట్ లాంటి పక్క తలుపు ఉంటే అదీ ప్రయత్నిస్తాం. రాకపోతే అధికారిక రీసేల్. ఒక్కడినే, డబ్బు తక్కువ, వారం సెలవు పెట్టగలను అంటే మొదటి రోజు నుంచే వాలంటీర్ దరఖాస్తు, మామూలు అమ్మకాన్ని బోనస్‌గా చూస్తాను. రెండిట్లోనూ దొరికితే ఒకదాన్ని వెనక్కి ఇచ్చేస్తాను, కాబట్టి రద్దు చేసుకునే గడువులు ముందే చదువుతాను. దూరం నుంచి కుటుంబంతో వెళ్లాలంటే అధికారిక ప్యాకేజీ, లేదంటే ఆ ఏడు మానుకోవడం. మధ్యలో ఇంకేదీ సరిపడదు. బయటి రీసేల్ నా లెక్కలో ఏ వరసలోనూ లేదు.

గిరాకీ ఎప్పుడూ ఇలాగే ఉండదని కూడా గుర్తుంచుకోండి. ఒకప్పుడు లాటరీ పెట్టాల్సి వచ్చిన అదే బర్నింగ్ మ్యాన్‌కి 2024లో పండగ దగ్గరపడ్డాక కూడా టికెట్లు మిగిలి ఉన్నాయి. ఆ ఏడాది ముందుగానే ఎవరి దగ్గరో ఎక్కువ ధరకి కొన్నవాళ్ల మొహాలు ఊహించుకోండి. మరోవైపు గ్లాస్టన్‌బరీ కొన్నేళ్లకోసారి పొలానికి విశ్రాంతి ఇస్తుంది, 2026 అలాంటి ఏడాదే, దాని తర్వాత వచ్చే అమ్మకంలో రెండేళ్లు ఆకలితో ఉన్న జనమంతా ఒకేసారి దిగుతారు. అలాంటి ఏడు మొదటిసారి వెళ్లాలనుకునేవాళ్లు వాలంటీర్ దారి కూడా పక్కన పెట్టుకోవడం తెలివైన పని.

ఒకవేళ అమ్మకం రోజున తెర మీద 'అయిపోయాయి' అని వస్తే ల్యాప్‌టాప్ మూసేసే ముందు ఒక్క పని చేయండి: ఆ పండగ రీసేల్ ఎప్పుడో వెతికి, తేదీ, గంట, ఏ దేశపు సమయమో సహా ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి, మీ గుంపులో అందరికీ పంపండి. కోపం తగ్గాక చేద్దాంలే అనుకుంటే ఎవరూ చేయరు.